పాయింట్ల గ్యాప్ అంటే కాయిల్‌కు దొరికే టైమ్: పాత కార్ల ఇగ్నిషన్ ఎక్కడ తప్పుతుంది, ఎలా పట్టుకోవాలి

బండి చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఇరవై నిమిషాలు హాయిగా నడుస్తుంది. తర్వాత ఉన్నట్టుండి మిస్సింగ్ మొదలై, రెండు మూడు కుదుపులు కుదిపి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి అరగంట ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పాయింట్ల (కరెంటును కలిపి, తెంపే చిన్న లోహపు ముఖాల జత) ఇగ్నిషన్ ఉన్న పాత కార్లు నడిపేవాళ్లలో ఈ అనుభవం లేనివారు తక్కువ. చాలాసార్లు మొదటి నింద కార్బురేటర్ మీదే పడుతుంది. జెట్లు విప్పి ఊదుతారు, ఫ్లోట్ సరిచేస్తారు, పెట్రోల్ పంపు మారుస్తారు. అంతా అయ్యాక బండి మళ్లీ ఇరవై నిమిషాలకే ఆగుతుంది.

ఈ గందరగోళానికి కారణం లేకపోలేదు. పెట్రోల్ సరిగ్గా అందకపోయినా, స్పార్క్ బలహీనపడినా, స్పార్క్ వేళ తప్పినా ఇంజన్ చూపించే లక్షణాలు ఇంచుమించు ఒకటే: పికప్ ఉండదు, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) నిలకడ ఉండదు, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతుంది. దీనికి తోడు చూడ్డానికి ఒకేలా ఉండే కాయిళ్లు, కండెన్సర్లు, పాయింట్లకు బదులు వాడే ఎలక్ట్రానిక్ కిట్లు ఇప్పుడు రకరకాలుగా దొరుకుతున్నాయి. దేనికి ఏది సరిపోతుందో చూడకుండా వేసిన కొత్త భాగమే కొత్త తంటా తెచ్చిపెడుతోంది.

క్లుప్తంగా

పాయింట్ల ఇగ్నిషన్‌లో దాదాపు ప్రతి లోపమూ టైమ్‌కు సంబంధించినదే. కాయిల్ (బ్యాటరీ కరెంటుతో నిండి, స్పార్క్‌కు కావాల్సిన వోల్టేజ్ పుట్టించే భాగం) నిండడానికి తగినంత టైమ్ దొరకాలి, కరెంటు ఠక్కున తెగాలి, ఆ తెగడం సరైన క్షణంలో జరగాలి. కొలిచి చూస్తే ఈ మూడింటిలో ఏది తప్పిందో చాలావరకు అరగంటలో తేలిపోతుంది. ముందు గ్యాప్ (పాయింట్లు విడినప్పుడు మధ్య ఉండే సందు), తర్వాతే టైమింగ్ (స్పార్క్ వేళ), ఆ తర్వాతే కార్బురేటర్. ఈ వరస తలకిందులైతే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

స్పార్క్ ఎలా పుడుతుంది

ఈ పద్ధతిని రూపొందించిన ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1910 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చిన ఈ బ్యాటరీ ఇగ్నిషన్, చిన్నాచితకా మార్పులతో అరవై ఏళ్లకు పైగా కార్లను నడిపించింది. దాని లోపలి సంగతి తెలిస్తే లోపాలు వాటంతట అవే అర్థమవుతాయి.

కాయిల్ లోపల రెండు తీగ చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొన్ని వందల చుట్లు, రెండోది వెంట్రుకంత సన్నని తీగతో వేల చుట్లు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు లావు చుట్టులో పారుతూ, ఇనుప కోర్ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని నింపుతుంది. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను వరసగా ఒక్కో ప్లగ్‌కు పంచే భాగం) షాఫ్ట్ మీది క్యామ్ పాయింట్లను విడదీయగానే కరెంటు తెగి, ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. అది కూలే వేగానికే సన్న చుట్టులో 20 వేల వోల్టులు దాటే ఒత్తిడి పుట్టి, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ మీదుగా, దాని మూత అయిన క్యాప్ మీదుగా, వైర్ వెంట ప్లగ్ దాకా వెళ్లి అక్కడి సందును దూకుతుంది.

ఇక్కడ తికమక పెట్టే విషయం ఒకటుంది. స్పార్క్ వచ్చేది పాయింట్లు కలిసినప్పుడని చాలామంది అనుకుంటారు. వచ్చేది అవి విడిపోయినప్పుడు. కలిసి ఉన్న కాలమంతా కాయిల్ నిండడానికే.

గ్యాప్‌ను టైమ్‌గా చూస్తే

పాయింట్ల గ్యాప్‌ను మిల్లీమీటర్లలో చెప్పడం అలవాటు. చాలా నాలుగు సిలిండర్ల కార్లలో అది 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ కొలత దేనికోసమో ఒక లెక్కతో తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, అంటే 1,500 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగు స్పార్క్‌లు. నిమిషానికి 6,000, సెకనుకు 100. ఒక్కో స్పార్క్‌కు దక్కేది 10 మిల్లీసెకన్లు. ఒక్కో సిలిండర్ వంతు 90 డిగ్రీల్లో పాయింట్లు 54 డిగ్రీలు మూసుకుని ఉంటే, కాయిల్ నిండడానికి దొరికేది 6 మిల్లీసెకన్లు. ఇంజన్ 6,000 చుట్లకు చేరితే ఆ 6 కాస్తా 3 అవుతుంది. పాయింట్లు మూసుకుని ఉండే ఈ కోణాన్నే డ్వెల్ అంటారు.

గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే విడిపోయి, ఆలస్యంగా కలుస్తాయి. డ్వెల్ తగ్గుతుంది. స్లోలో ఏమీ తెలియదు, ఎందుకంటే అక్కడ టైమ్ బోలెడంత. వేగం పెరిగేసరికి కాయిల్ సగం నిండకుండానే ఖాళీ చేయాల్సి వచ్చి మిస్సింగ్ మొదలవుతుంది. గ్యాప్ తక్కువైతే దీనికి తిరగబడ్డ కథ. పాయింట్లు చాలినంత దూరం జరగవు, సందులో ఆర్క్ నిలబడి అంచులు కాలుతాయి, స్టార్టింగ్ ట్రబుల్, స్లోలో తడబాటు వస్తాయి. ఎనిమిది సిలిండర్ల ఇంజన్లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడ సిలిండర్‌కు వచ్చేది 45 డిగ్రీలే కాబట్టి, 5,000 చుట్ల దగ్గర కాయిల్‌కు మిగిలేది దాదాపు 2 మిల్లీసెకన్లు. కొన్ని కంపెనీలు అలాంటి ఇంజన్లకు రెండు జతల పాయింట్లు పెట్టడం అందుకే.

వాడుతున్న కొద్దీ గ్యాప్ ఏ దిక్కుకు మారుతుందో కూడా తెలిసిందే. క్యామ్‌ను రాసుకునే ఫైబర్ మడమ అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది. కొత్త పాయింట్లలో మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఎక్కువ అరుగుతుంది కాబట్టి ఒకసారి మళ్లీ చూడక తప్పదు. క్యామ్ మీద వేడికి కరగని గ్రీజు బియ్యపుగింజంత పూస్తే ఈ అరుగుదల చాలా నెమ్మదిస్తుంది. ఎక్కువ పూస్తే అది చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది.

ఫీలర్ గేజ్ ఎక్కడ మోసం చేస్తుంది

వాడిన పాయింట్లను విప్పి చూస్తే ఒక ముఖం మీద చిన్న గుంట, ఎదుటి ముఖం మీద చిన్న బొడిపె కనిపిస్తాయి. లోహం ఒక వైపు నుంచి రెండో వైపుకు కొంచెం కొంచెంగా చేరిపోయిన గుర్తులవి. అలాంటి పాయింట్ల మధ్య సందును కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూరిస్తే అది బొడిపె శిఖరానికి తగులుతుంది. గేజ్ 0.4 అంటుంది, అసలు దూరం అంతకంటే ఎక్కువ. పాత పాయింట్ల మీద డ్వెల్ మీటర్‌నే నమ్మాల్సింది ఇందుకే. అది దూరాన్ని వదిలేసి, మూసుకుని ఉన్న కోణాన్ని నేరుగా కొలుస్తుంది. సన్న ఆకురాయితో బొడిపెను కొంచెం తీయవచ్చు గానీ, అది దారి మధ్యలో గట్టెక్కడానికే. ఇంటికి చేరాక కొత్త జత వేయడమే మేలు.

కొత్త పాయింట్లు వేసిన వెంటనే బండి అసలే స్టార్ట్ కాకపోవడం ఇంకో ఫిర్యాదు. సాధారణంగా దానికి రెండు కారణాలు. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన సన్నని నూనె పొర ముఖాల మీద అలాగే ఉండిపోవడం మొదటిది. ఫీలర్ గేజ్ రేకు మీది నూనె అంటుకున్నా ఇదే జరుగుతుంది. స్పిరిట్‌తో తుడిచి, పాయింట్లు మూసి మధ్యలోంచి శుభ్రమైన కాగితం ముక్క ఒకటి లాగితే చాలు. కాగితం మీద బూడిదరంగు గీత రావడం ఆగేదాకా లాగాలి. రెండోది టెర్మినల్ దగ్గరి ప్లాస్టిక్ వాషర్ల వరస. కండెన్సర్ వైరు, కాయిల్ నుంచి వచ్చే వైరు రెండూ పాయింట్ స్ప్రింగ్‌కు తగలాలి, ప్లేటుకు తగలకూడదు. ఒక్క వాషర్ తారుమారైతే కరెంటు ఎప్పుడూ ఎర్త్‌కే (బండి ఇనుముకే) పోతుంది, పాయింట్లు విడిపోయినా తెగదు, స్పార్క్ రాదు.

కండెన్సర్ చేసే పని

పాయింట్లు విడిపోయిన క్షణంలో లావు చుట్టులోని కరెంటు ఒక్కసారిగా ఆగడానికి ఒప్పుకోదు. అక్కడ కూడా రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. దారి లేకపోతే ఆ కరెంటు విడిపోతున్న పాయింట్ల సందులోనే ఆర్క్‌గా సాగుతుంది. కండెన్సర్ దానికి పక్కదారి ఇస్తుంది. ఆ కొద్ది క్షణంలో పాయింట్లు తగినంత దూరం జరిగిపోతాయి, కరెంటు ఠక్కున తెగుతుంది. సాధారణంగా దీని విలువ 0.2 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉంటుంది.

కండెన్సర్ పోతే ప్లగ్ దగ్గర స్పార్క్ పసుపుగా, సన్నగా వస్తుంది. అదే సమయంలో క్యాప్ తీసి సెల్ఫ్ కొడితే పాయింట్ల మధ్య పెద్ద నీలిరంగు మెరుపు కనిపిస్తుంది. ప్లగ్‌కు చేరాల్సిన శక్తి అక్కడ తగలబడుతోందన్న మాట. పాయింట్లు కొద్ది రోజుల్లోనే నల్లగా మాడిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది కండెన్సర్‌నే. కొత్తది కదా అని వదిలేయడానికి వీల్లేదు. ఈ మధ్య దొరికే విడిభాగాల్లో నాణ్యత ఒక్కో పెట్టెకు ఒక్కోలా ఉంటోంది. పాయింట్లు మార్చిన ప్రతిసారీ చక్కగా పనిచేస్తున్న పాత కండెన్సర్‌ను తీసి పారేయడం మంచి పద్ధతి కాదు. మార్చినా పాతదాన్ని దాచుకోవాలి.

వేడెక్కాక ఆగిపోయే బండి

మొదట చెప్పుకున్న ఇరవై నిమిషాల జబ్బుకు అనుమానితులు ముగ్గురు: కాయిల్, కండెన్సర్, పైపుల్లో ఆవిరైపోయిన పెట్రోల్. మూడూ వేడికే తిరగబడతాయి, మూడూ చల్లారితే సర్దుకుంటాయి. కాబట్టి చల్లారాక చేసే పరీక్షలన్నీ వృథా. బండి ఆగిన మరుక్షణమే చూడాలి. క్యాప్ నడిమి నుంచి కాయిల్‌కు వెళ్లే వైరును క్యాప్ వైపు ఊడదీసి, దాని కొసకు ఒక స్పేర్ ప్లగ్ తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనించి, పక్కనున్నవారిని సెల్ఫ్ కొట్టమనాలి. చిటపటమంటూ తెల్లగా, నీలంగా స్పార్క్ వస్తుంటే కాయిల్, కండెన్సర్, పాయింట్లు మూడూ బాగున్నట్టే. రోటర్, క్యాప్ కూడా చూశాక పెట్రోల్ వైపు వెళ్లవచ్చు. స్పార్క్ రాకపోయినా, పసుపుగా వచ్చినా కార్బురేటర్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు పెట్రోల్ కారుతున్న వాసన ఉండకూడదు. వైరును చేత్తో పట్టుకోకూడదు.

కాయిల్‌కు వేడి ఎక్కడినుంచి వస్తుందన్నదీ చూడాలి. ఇంజన్ ఆగి ఉండి, తాళం మాత్రం ఆన్‌లో ఉండి, పాయింట్లు మూసుకున్న చోటే ఆగి ఉంటే 12 వోల్టుల కరెంటు 3 ఓమ్‌ల కాయిల్‌లో ఆగకుండా పారుతుంది. అది 4 ఆంపియర్లు, 48 వాట్ల వేడి. రేడియో వినడానికో, లైట్లు చూడటానికో తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిల్ లోపలి ఇన్సులేషన్ ఉడికిపోతుంది. దాని ఫలితం వారం తర్వాత ఏ రోడ్డు మీదో బయటపడుతుంది.

తాళం వదలగానే ఆగిపోతే

సెల్ఫ్ తిప్పుతున్నంతసేపు ఇంజన్ పలుకుతుంది, తాళం వదలగానే చచ్చిపోతుంది. ఇంత స్పష్టంగా ఒకే చోటును చూపించే లక్షణం ఇగ్నిషన్‌లో ఇంకొకటి లేదు. తప్పు బ్యాలస్ట్ రెసిస్టర్‌ది, లేదా ఇగ్నిషన్ స్విచ్‌లో ఆ దారికి సంబంధించిన కాంటాక్ట్‌ది.

సెల్ఫ్ మోటార్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ బాగా పడిపోతుంది. స్పార్క్ బలంగా కావాల్సింది కూడా అప్పుడే. దీనికి విరుగుడుగా కొన్ని కార్లలో తక్కువ వోల్టేజ్‌కే చాలినంత కరెంటు తీసుకునే, సుమారు 1.5 ఓమ్‌ల కాయిల్ పెట్టి, మామూలుగా నడిచేటప్పుడు దానికి ముందు ఒక రెసిస్టర్ అడ్డం పెడతారు. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం రెసిస్టర్‌ను దాటవేసి నేరుగా బ్యాటరీకి కలుపుతారు. రెసిస్టర్ తెగిపోతే స్టార్టింగ్ దారి మాత్రమే మిగులుతుంది.

కాయిళ్ల తికమకంతా ఇక్కడే పుడుతోంది. 1.5 ఓమ్‌ల కాయిల్‌ను రెసిస్టర్ లేని కారుకు బిగిస్తే కరెంటు రెట్టింపై పాయింట్లు మాడతాయి, కాయిల్ కాలుతుంది. 3 ఓమ్‌ల కాయిల్‌ను రెసిస్టర్ ఉన్న కారుకు బిగిస్తే స్పార్క్ నీరసిస్తుంది. రెసిస్టర్ బయటికి కనిపించకుండా, వైరింగ్‌లోనే రెసిస్టెన్స్ వైరుగా దాగి ఉండే కార్లూ ఉన్నాయి. కాబట్టి కంటితో చూసి తేల్చకుండా, పాయింట్లు మూసుకున్న స్థితిలో తాళం ఆన్ చేసి కాయిల్ పాజిటివ్ దగ్గర వోల్టేజ్ కొలవాలి. బ్యాటరీ వోల్టేజ్‌కు దగ్గరగా ఉంటే రెసిస్టర్ లేదు. 6 నుంచి 9 వోల్టుల మధ్య ఉంటే ఉంది.

కాయిల్ వైర్ల ధ్రువాలూ ముఖ్యమే. 1960ల చివరిదాకా చాలా బ్రిటిష్ కార్లు పాజిటివ్ ఎర్త్‌తో, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బండి ఇనుముకు కలిపి, వచ్చాయి. తర్వాత వాటిని నెగటివ్ ఎర్త్‌కు మార్చినవారు కొందరు కాయిల్ వైర్లను అటూ ఇటూ మార్చడం మర్చిపోయారు. బండి నడుస్తుంది. కానీ ప్లగ్‌లో స్పార్క్ వేడి నడిమి ఎలక్ట్రోడ్ నుంచి కాకుండా చల్లని బయటి కొస నుంచి దూకాల్సి రావడంతో ఎక్కువ వోల్టేజ్ కావాల్సి వస్తుంది. వేగంలో, బరువు మీద ఆ తేడా తెలుస్తుంది.

క్యాప్, రోటర్, వైర్లు

ఇక్కడి లోపాలన్నీ లీకేజీలే. క్యాప్ లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత కనిపిస్తే స్పార్క్ ఆ దారిన పక్కకు పోతోందని అర్థం. గీకితే మళ్లీ వస్తుంది, మార్చాల్సిందే. నడిమి కార్బన్ బ్రష్ స్ప్రింగ్ మీద స్వేచ్ఛగా ఆడాలి. రోటర్‌లో ఇత్తడి పలకను రివెట్‌తో బిగించిన రకాల్లో, రివెట్ అడుగు నుంచి స్పార్క్ ప్లాస్టిక్‌ను చీల్చుకుని షాఫ్ట్‌లోకి దిగిపోతుంటుంది. పైకి రోటర్ కొత్తదిలాగే కనిపిస్తుంది. చీకట్లో ఇంజన్ నడిపి బానెట్ ఎత్తి చూస్తే వైర్ల లీకేజీ నీలి మిణుగురుల్లా బయటపడుతుంది. వానాకాలం స్టార్టింగ్ ట్రబుల్‌కు చాలాసార్లు ఇదే మూలం.

ప్లగ్‌ల సంగతి అందరికీ తెలిసిందే. లేత గోధుమరంగు ఉంటే మంచిది, పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ లేదా స్పార్క్ నీరసం, తడి నల్లదనం ఉంటే ఆయిల్, తెల్లగా పొక్కితే వేడి ఎక్కువ.

టైమింగ్, అడ్వాన్స్

గ్యాప్ సరిచేశాకే టైమింగ్ పెట్టాలనడానికి కారణం పైన చెప్పిన లెక్కలోనే ఉంది. డ్వెల్ ఒక డిగ్రీ మారితే టైమింగ్ కూడా దాదాపు ఒక డిగ్రీ కదులుతుంది. టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

సిలిండర్‌లో మిశ్రమం మండటానికి కొంత సమయం పడుతుంది. 800 చుట్ల వేగంలో ఒక మిల్లీసెకనులో క్రాంక్ 5 డిగ్రీల కంటే తక్కువే తిరుగుతుంది. 3,000 దగ్గర అదే మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే వేగం పెరిగే కొద్దీ స్పార్క్ ఇంకా ముందే రావాలి. దీన్నే అడ్వాన్స్ అంటారు. ఆ పని డిస్ట్రిబ్యూటర్ అడుగున స్ప్రింగులతో కట్టిన రెండు బరువులు చేస్తాయి. తక్కువ బరువు మీద సాఫీగా వెళ్లేటప్పుడు పల్చని మిశ్రమం ఇంకా నెమ్మదిగా మండుతుంది కాబట్టి వ్యాక్యూమ్ డబ్బా మరికొంత అడ్వాన్స్ కలుపుతుంది.

ఏళ్ల తరబడి నూనె చుక్క పడని బరువులు తుప్పుతో బిగుసుకుంటాయి. అప్పుడు స్లోలో టైమింగ్ అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది, బండికి మాత్రం లాగుడు ఉండదు, ఇంజన్ వేడెక్కుతుంది. స్పార్క్‌తో పాటే మెరిసే స్ట్రోబ్ లైట్‌ను క్రాంక్ పుల్లీ మీది టైమింగ్ గుర్తు మీద పట్టి, ఇంజన్ వేగం నెమ్మదిగా పెంచితే గుర్తు ముందుకు జరుగుతుందో లేదో కళ్లతోనే తెలుస్తుంది. స్లోలో ఒక్క చోట చూసి లైట్ పక్కన పెట్టేయడం ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు. వ్యాక్యూమ్ డబ్బా పరీక్ష ఇంకా తేలిక. పైపు నోటితో పీల్చి నాలుకతో మూస్తే ప్లేట్ కదిలి అక్కడే నిలవాలి, వెనక్కి వచ్చేస్తే లోపలి పొర చిరిగినట్టు.

ఆ ప్లేట్ కదలికే ఇంకో దొంగ లోపానికి తల్లి. ప్లేట్‌తో పాటు ఊగే చిన్న వైరు, ఎర్త్ అల్లిక లోపల పోగులు తెగిపోతాయి, పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు. యాక్సిలరేటర్ తొక్కగానే క్షణకాలం కరెంటు తెగి తడబాటు వస్తుంది. అచ్చం కార్బురేటర్ పంపు లోపంలాగే ఉంటుంది. వైరు రెండు కొసలు పట్టి మెల్లగా లాగితే, తెగిన చోట తొడుగు రబ్బరులా సాగుతుంది.

షాఫ్ట్ బుష్‌లు అరిగి ఊగుతుంటే మాత్రం ఏ సర్దుబాటూ నిలవదు. వేగంతో పాటు డ్వెల్ మీటర్ ముల్లు రెండు మూడు డిగ్రీలకు మించి తిరుగుతుంటే ముందు డిస్ట్రిబ్యూటర్‌కే మరమ్మతు కావాలి.

అసలే స్పార్క్ లేకపోతే

ఒక టెస్ట్ లైట్ చాలు. ఒక కొస ఎర్త్‌కు, రెండోది కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే టెర్మినల్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టాలి. పాయింట్లు విడినప్పుడు వెలిగి, కలిసినప్పుడు ఆరి, లైట్ మిణుకుమిణుకుమంటుంటే తక్కువ వోల్టేజ్ దారి అంతా పనిచేస్తున్నట్టే. మినుకు లేకుండా వెలిగే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటి మీద మురికి ఉంది, లేదా ఎర్త్ తెగింది. అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటే రావడం లేదు, లేదా లావు చుట్టు తెగింది, లేదా పాయింట్లు విడిపోవడం లేదు, లేదా ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. ఈ నాలుగింటిలో ఏదో తేల్చడానికి కాయిల్ రెండో టెర్మినల్ దగ్గర లైట్ పెట్టి చూడటంతో మొదలుపెట్టాలి. మల్టీమీటర్ ఉంటే పాయింట్లు మూసి, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజ్ చూడవచ్చు. 0.2, 0.3 వోల్టులు దాటితే పాయింట్లలోనో, ఎర్త్‌లోనో కరెంటుకు అడ్డు తగులుతోంది.

ఎలక్ట్రానిక్ కిట్ వేయాలా

క్రైస్లర్ 1973లో, జనరల్ మోటార్స్ 1975లో అమెరికా కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చాయి. పొగ నిబంధనల కాలంలో పాయింట్ల అరుగుదలతో జారే టైమింగ్ ఇక పనికిరాలేదు. ఇప్పుడు పాత కార్లకు దొరికే కిట్లు కూడా అదే లాభం ఇస్తాయి. మడమ లేదు కాబట్టి అరుగుదల లేదు, డ్వెల్ స్థిరం. తరచూ దూరాలు వెళ్లే బండికి ఇది మంచి ఎంపికే.

అయితే కిట్ అరిగిన బుష్‌లను, బిగుసుకున్న బరువులను, పగిలిన క్యాప్‌ను బాగుచేయదు. కాయిల్ ఓమ్‌లు కిట్ అడిగినంత ఉండాలి. చాలా కిట్లకు రాగి తీగ ప్లగ్ వైర్లు పడవు, రెసిస్టెన్స్ ఉన్నవే వాడాలి. బ్యాటరీ కొసలు ఒక్క క్షణం తారుమారైనా కొన్ని కిట్లు చచ్చిపోతాయి. అన్నిటికంటే పెద్ద తేడా లోపం వచ్చే తీరులో ఉంది. పాయింట్లు వారాల ముందే తడబాటుతో చెబుతాయి, ఎలా ఉన్నా ఇంటిదాకా లాక్కొస్తాయి. కిట్ చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది, రోడ్డు పక్కన దానికి చేయగలిగిందేమీ ఉండదు. అందుకే కిట్ వేసినవారు పాత ప్లేటును పారేయకుండా పాయింట్లు, కండెన్సర్ బిగించి, గ్యాప్ ముందే సరిచేసి, ఫీలర్ గేజ్‌తో, చిన్న స్క్రూడ్రైవర్‌తో కలిపి ఒక డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచుకోవాలి. కాయిల్ ఆ పాయింట్లకు కూడా సరిపోయేదైతే, రాత్రిపూట టార్చి వెలుగులోనైనా అరగంటలో పాత ప్లేటు వేసుకుని బయల్దేరవచ్చు.